మధ్యలో కాంట్రాక్ట్ వదిలేసి మంచి పనికి వెళ్లొచ్చా?

ఆరు నెలల ఫ్రీలాన్స్ కాంట్రాక్ట్‌లో రెండు నెలలే అయ్యాయని, డబ్బు తక్కువే కాక అదీ ఆలస్యమని, ఇంతలో రెట్టింపు ఇస్తామని వేరేవాళ్లు పిలిచారని రాశారు. మానేస్తే కేసు వేస్తారేమో, మాట తప్పినట్టవుతుందేమో అని మీ దిగులు. మూడేళ్ల కిందట నేనూ ఇదే గుంజాటన పడ్డాను. వెళ్లండి. చేతిలో ఉన్న పని అప్పజెప్పి మరీ వెళ్లండి.

నేను హైదరాబాద్‌లో ఉంటూ ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. అప్పట్లో ఒక ఏజెన్సీ షాపింగ్ యాప్ పనికి పదానికి 70 పైసలు ఇచ్చేది. పని దొరకని నెలలో ఒప్పుకున్న రేటు అది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రాణం విసిగించింది సవరణలు. ‘యాడ్ టు కార్ట్’కి ‘బుట్టలో వేయండి’ అని రాశాను. కాదు, ‘కార్ట్‌కు జోడించండి’ అనాలన్నారు. షీటంతా మార్చి పంపాక క్లయింటుకి బుట్టే నచ్చిందట, మళ్లీ మార్చమన్నారు. నాలుగు వందల వరుసల ఎక్సెల్ షీటు మూడుసార్లు చేస్తే ఒక్కసారికే డబ్బు. 45 రోజుల్లో ఇస్తామన్నది 80 రోజులకు గానీ అకౌంట్లో పడేది కాదు.

ఇంకొకరు పదానికి 1 రూపాయి 80 పైసలు అన్న రాత్రి, పాత కాంట్రాక్ట్ తీసి అక్షరం అక్షరం చదివాను. ఎవరు మానుకున్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు లేకుండా మానేస్తే 50,000 కట్టాలి. మానేశాక ఏడాది పాటు ఇంకే ఏజెన్సీకీ పనిచేయకూడదు. చదివేసరికి గుండె జారిపోయింది.

మా బాబాయి వరంగల్‌లో ప్లీడరు. ఫోన్ చేస్తే తాపీగా విడమరిచి చెప్పాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మానేశాక ఇంకెక్కడా పనిచేయొద్దనే షరతు సాధారణంగా చెల్లదు. కానీ వాళ్ల రహస్యాలు బయటపెట్టొద్దన్న షరతు వేరు, అది పాటించాల్సిందే. 50,000 అని రాసుకున్నంత మాత్రాన అంతా రాదు. 74వ సెక్షన్ కింద కోర్టు ఆ మొత్తానికి మించకుండా, సబబైనంతే ఇప్పిస్తుంది. బలవంతంగా పని చేయించడమైతే కుదరదు. "నోటీసు మాత్రం ఇవ్వమ్మా. సగం ఫైలు వదిలేసి, వాళ్లకి నిజంగా నష్టమొస్తే అప్పుడు తప్పు నీదవుతుంది" అన్నాడు. మీ కాంట్రాక్ట్‌లో మాటలు వేరేగా ఉండొచ్చు, ఒకసారి ఎవరైనా ప్లీడరుకి చూపించండి.

కొత్తవాళ్ల నుంచి వర్క్ ఆర్డర్ మెయిల్లో వచ్చేదాకా పాతవాళ్లకి చెప్పలేదు. నాలుగు రోజులు పట్టింది. ఫోన్లో ఇచ్చిన మాట నమ్మి ఉన్న పని వదులుకోకండి, ఇది గట్టిగా చెబుతున్నాను.

నోటీసు పంపగానే ప్రాజెక్ట్ చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మీరిప్పుడు వెళ్తే అంతా నా మీదకొస్తుంది" అంది. రేటు పెట్టింది ఆ పిల్ల కాదు, డబ్బు ఆపిందీ ఆ పిల్ల కాదు. ఆ 15 రోజులూ ఒప్పుకున్న ఫైళ్లన్నీ పూర్తి చేశాను. ఏ ఇంగ్లిష్ మాటకి ఏ తెలుగు మాట ఖాయమైందో, ఏది ఎందుకు మార్చామో షీటు రాసిచ్చాను. బుట్ట సంగతి కూడా అందులో ఉంది, తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ మూడుసార్లు మార్చే పని లేకుండా.

ఇక రావాల్సిన డబ్బు. మానేశాక ఇది ఇంకా జారుతుంది, ముందే జాగ్రత్తపడండి. నేను అంతకుముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకున్నాను, ఫీజేమీ లేదు. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 చట్టం ప్రకారం, కాంట్రాక్ట్‌లో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీ కట్టాలి, చిన్న సంస్థల బాకీల కోసం పెట్టిన ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదూ చేయొచ్చు. ఆఖరి ఇన్‌వాయిస్ గురించి నా మొదటి మెయిల్‌కి జవాబు లేదు. రెండో మెయిల్లో ఆ చట్టం పేరు, నా ఉద్యమ్ నంబరు రాశాను. నాలుగో రోజు డబ్బు పడింది. పన్ను కింద వాళ్లు ముందే పట్టుకున్న 10 శాతం (టీడీఎస్) మాత్రం, మన పేరిట కట్టిన పన్ను చూపే ఆదాయపు పన్ను శాఖ పత్రంలో (అప్పట్లో ఫామ్ 26ఏఎస్) కనపడలేదు, దానికి ఇంకో రెండు మెయిళ్లు రాయాల్సి వచ్చింది. మీరూ అది చూసుకోండి.

మీ కాంట్రాక్ట్‌లో నోటీసు గడువు ఎంత ఉందో, ఇప్పటికి ఎన్ని ఇన్‌వాయిస్‌లు బాకీ ఉన్నాయో కింద రాయండి. నోటీసు మెయిల్ ఎలా రాయాలో నాకు తెలిసినంత చెబుతాను.