పార పట్టే ముందు ఇది చదువు తల్లీ

హారికా,

మీ నాన్న ఫోన్ చేసి, నీ కూతురు కొండ తవ్వుతుందంట, సైకిల్ పిచ్చి అంటించింది నువ్వే కదా, నువ్వే చెప్పుకో అని పెట్టేశాడు. అన్నయ్య కోపం నాకు తెలీనిదా, వారం తిరిగేలోపు ఆయనే అపార్ట్‌మెంట్లో అందరికీ గొప్పగా చెప్తాడు చూడు. నాకైతే గర్వంగానే ఉంది. మన ఇంట్లో ఆడపిల్ల చిక్కబళ్లాపురం దగ్గర కొండవాలు మీద సొంతంగా ట్రైల్, అదే సైకిల్ తొక్కే మట్టిదారి, వేస్తానంటే ఈ చిన్నాయన కాదంటాడా.

కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. పైన పెద్ద గుండు దగ్గర మొదలెట్టి కింద పంపు షెడ్డు దాకా ఎర్ర రిబ్బన్లు సీదాగా కట్టుకుంటూ వచ్చేశారు. ఎవరే ఆ లైన్ వేసింది? ముందు ఆ రిబ్బన్లు పీకేయండి, తర్వాత మిగతాది చదువు.

స్థలం సంగతి రెండు ముక్కలు. ఫ్రెండ్ వాళ్ల నాన్న సరేనన్నాడని సరిపెట్టుకోకుండా పహణీ, సర్వే స్కెచ్ చూసుకో, ఆ చుట్టుపక్కల నీలగిరి తోట ఎక్కడ అయిపోయి గోమాళం, అంటే ఊరి పశువుల మేతకి వదిలిన సర్కారు భూమి, ఎక్కడ మొదలవుతుందో ఊళ్లోవాళ్లకే సరిగ్గా తెలీదు. రిజర్వ్ ఫారెస్ట్ హద్దు దాటి పార వేస్తే 1963 కర్ణాటక అటవీ చట్టం కింద కేసు, మేం సైకిలే కదా తొక్కేది అంటే ఎవరూ వినరు.

ఇప్పుడు ఒక పాత కథ. స్క్రోల్ చేసేయకు.

మేం బెంగళూరు పక్క తురహళ్లి అడవిలో తొక్కే రోజుల్లో, కనకపుర రోడ్డు ఇంకా ఇలా ఇరుకైపోక ముందు, మా గుంపులో ఒకాయన ఉండేవాడు, పేరొద్దులే. సైకిల్ గురించి ఆయనకి తెలీనిది లేదు, నేల గురించి మాత్రం ఏమీ తెలీదు. దొడ్డబళ్లాపురం అవతల ఒక వాలు చూపించి, ఇదిగో మేకల దారి, మేకలు ముందే వేసిపెట్టాయి మనం రాళ్లు ఏరితే చాలు అన్నాడు. పై నుంచి కిందకి నిట్టనిలువుగా ఉంది. ఎండాకాలం కాబట్టి నేల గట్టిగా ఉంది, అబద్ధమెందుకు, కళ్లలో నీళ్లు తిరిగేంత స్పీడు వచ్చేది, అందరం ఆయన్ని ఎత్తుకుని తిరిగాం. తర్వాత సెప్టెంబరు అక్టోబరు వానలొచ్చాయి, బెంగళూరు చుట్టుపక్కల పెద్ద వానలు ఆ రెండు నెలల్లోనే కదా. టైరు గాడిలోకి నీళ్లు దిగాయి, సన్నమట్టి ముందు కొట్టుకుపోయింది, రాళ్లు వదులయ్యాయి, జానెడు లోతు ఉన్న గాడి మోకాలు లోతు వంక అయింది. అందులో తొక్కలేక పక్కనుంచి తొక్కారు, అక్కడ ఇంకో గాడి పడింది. రెండడుగుల దారి కాస్తా ఎడ్లబండి పట్టేంత అయింది, నీలగిరి వేర్లన్నీ బయటపడ్డాయి.

అంతటితో అయిపోతే నీకు చెప్పేవాణ్ణే కాదు. ఆ మట్టంతా పోయి కింద ఒక పెద్దాయన మల్బరీ తోటలో పడింది. మట్టి పట్టిన ఆకు పట్టుపురుగుకి వేస్తే ఏమవుతుందో ఆ ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆయన మొదట మంచిగానే అడిగాడు, ఆ పక్కన అందరికీ తెలుగు వస్తుంది కదా, "ఏమప్పా, మీ ఆటకి నా తోటే దొరికిందా?" అని. మావాడు, వానకి మేమేం చేస్తాం సార్ అని నవ్వేశాడు. పై వారం వెళ్లేసరికి కింది మలుపులో తుమ్మకంప అడ్డం వేసి ఉంది, దాంట్లో పాత కంచె తీగ కూడా చుట్టి ఉంది. ముందు దిగింది లైన్ వేసినాయన కాదు, కొత్తగా చేరిన ఒక కుర్రాడు. కంప కనిపించాక బ్రేకు పట్టాడు కానీ ముందు చక్రం గాడిలో ఇరుక్కుంది, పక్కకి తిప్పుకునే వీల్లేదు. మెడ ఎముక విరిగింది, బుగ్గలో ముళ్లు. అరుపు విని పరిగెత్తుకొచ్చి తన టెంపోలో ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరనుకున్నావ్, ఆ పెద్దాయనే, దారంతా మమ్మల్ని తిడుతూ తనూ ఏడుస్తూ. లైన్ వేసినాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

అందుకే ఆ రిబ్బన్లు చూసి నాకు అంత కంగారు. మీ పంపు షెడ్డు అవతల ఎవరి పొలం ఉందో కనుక్కున్నావా? ఆ ఇంటికి వెళ్లి కాఫీ తాగిరా, తవ్వకం మొదలెట్టక ముందే.

లైన్ కొండకి అడ్డంగా పోవాలి తల్లీ, నిలువుగా కాదు. కొండ వాలు ఎంతుందో కొలిచి ట్రైల్ వాలు అందులో సగం దాటకుండా చూసుకో, కొండ 30 శాతం ఉంటే మీ దారి 15 దాటకూడదు, అదీ ఎక్కడో కొంచెం దూరం, మొత్తం మీద సరాసరి 10 శాతంలో ఉండాలి, అంటే పది మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగాలి. ఫోన్లో యాప్ ఉందంటావు, సరే, అయినా మేస్త్రీల దగ్గర లెవెల్ చూసే నీళ్ల ట్యూబు ఉంటుంది, ఒకసారి దాంతో సరిచూసుకో. దారి మొత్తం కొండలోకే కోసి పరుచుకోండి, తవ్విన మట్టిని బయటి వైపు పోసి దాని మీద తొక్కుదాం అనుకుంటే మొదటి వానకే జారిపోతుంది. ఆ మట్టిని దూరంగా విసిరేయండి, అంచు మీద గట్టులా వదిలితే నీళ్లు బయటికి పోలేక దారెంట పరిగెడతాయి. బయటి అంచు కొంచెం కిందకి వాలాలి, మీటరు వెడల్పుకి 5 సెంటీమీటర్లు చాలు. ప్రతి పది పదిహేను మీటర్లకీ దారి కాస్త ఎక్కి మళ్లీ దిగాలి, అప్పుడు నీళ్లు ఆ పల్లంలోనే పక్కకి తప్పుకుంటాయి, తొక్కేటప్పుడు నీకు ఊపు కూడా బాగుంటుంది. అన్నట్టు నంది కొండల్లో పుట్టే పెన్న, చిత్రావతి రెండూ మన అనంతపురం వైపే వస్తాయి, మీరు జార్చే మట్టి మన ఊరి దాకా వచ్చిందంటే మీ నాయనమ్మ ఊరుకోదు!

ఎండల్లో తవ్వకు, గరుసు నేల పారకి లొంగదు, లొంగినా పొడి అయిపోయి నిలబడదు. వాన పడి నేల మెత్తబడ్డాక పట్టండి. గడ్డపారతో రాయి కదిలించి, కాసేపు ఆగి, అప్పుడే చెయ్యి పెట్టాలి. రక్తపింజరి రాయి కింద చుట్ట చుట్టుకుని పడుకుంటే పక్కనే కూర్చున్నా కనపడదు, నేను చూశాను, రంగు అచ్చం ఎండిన ఆకుల రంగే. నవ్వకు, బూట్లు వేసుకో.

తవ్వాక తొక్కేయాలని చేతులు దురద పెడతాయి. ఆగు. ఒక మంచి వాన పడనిచ్చి, వెలిసిన వెంటనే వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసి సరిచేయండి. టైరు అచ్చు లోతుగా పడుతుంటే ఆ రోజు తొక్కకండి. ముందు నడువు, తర్వాత నెమ్మదిగా దిగు, ఆ తర్వాతే స్పీడు. జంపులు పెడితే మధ్యలో మట్టి నిండి ఉన్నవే పెట్టండి, తక్కువ పడ్డా చక్రం నేల మీదే దిగుతుంది, ఖాళీ వదిలిన జంపు ఈ ఏడాది మాట్లాడొద్దు. బ్రేకు మలుపుకి ముందే, మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టావంటే పడ్డట్టే, అందులోనూ నీలగిరి కాయలు రాలి ఉంటే గోలీల మీద తొక్కినట్టే. ప్రతిసారీ తొక్కే ముందు ఒకరు చీపురు పట్టుకుని కిందకి నడవండి. సర్కారు తుమ్మ ముళ్లున్న చోట ట్యూబ్‌లెస్ టైర్లే, లోపల పోసే సీలెంట్, అదే పంక్చర్ పూడ్చే ద్రవం, మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, చూసుకుంటూ ఉండు. మేకలవాళ్లు దాటే చోట పొదలు బాగా కొట్టేసి దూరం నుంచి కనపడేలా చేయండి.

ఒంటరిగా మాత్రం పోవద్దు. మంగళవారం పొద్దున్నే ఎవరూ లేనప్పుడు బాగుంటుంది, తెలుసు, నాకూ ఆ రుచి తెలుసు. అయినా వద్దు. ఎవరైనా పడి మెడ నొప్పి అంటే కదిలించకండి, హెల్మెట్ లాగకండి, 108కి చేయండి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో ముందే చూసి ఆ చెట్టుకి పెయింట్ కొట్టి పెట్టు.

మీ అమ్మకి హెల్మెట్ ఫోటో పంపు, ముఖం కూడా కప్పేది కొన్నావని చెప్పు, సగం గొడవ తగ్గుతుంది. ఈ ఆదివారం నేను వస్తున్నా, లైన్ మళ్లీ వేద్దాం, అప్పటిదాకా ఎవరూ పార పట్టొద్దు. ఎన్నింటికి బయల్దేరుతున్నారో మెసేజ్ పెట్టు. నా కారులో గడ్డపార పట్టదు, మీరే తెచ్చుకోండి. ఇడ్లీలు మీ పిన్ని కడుతుంది, ఎంతమందో కరెక్టుగా చెప్పు, పోయినసారి లాగా చివర్లో ఇద్దరు కొత్తవాళ్లని దింపకు.

మీ చిన్నాయన