ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లకు యూనివర్సిటీ ఏ సాయం చేయాలి?

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, ఇంకేం కావాలని చాలామంది అడుగుతారు. డబ్బు ముఖ్యమే. కానీ ఈ పిల్లలు తడబడేది ఇంట్లో ఎవరినీ అడగలేని చోట. సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలి, ఇంటర్నల్ మార్కులు ఎలా వేస్తారు, డౌట్ ఉంటే సార్ గదికి వెళ్లి అడగొచ్చా? చదువుకున్న ఇళ్లలో ఇవి అన్నం తింటూ మాట్లాడుకునే సంగతులు.

2008లో పల్లె పిల్లల కోసం పెట్టిన ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) ట్రిపుల్ ఐటీలను చూడండి. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆపైన ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ పాఠాలకు అలవాటు పడేందుకు ఆ రెండేళ్లు దొరుకుతాయి. నా దృష్టిలో వాటి అసలు బలం అదే.

మామూలు యూనివర్సిటీలో అంత వ్యవధి ఉండదు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే ప్రతి ఒక్కరికీ అదే బ్రాంచిలో ఓ సీనియర్‌ని జత చేయాలి. ఆదాయ సర్టిఫికెట్, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా సరిగా ఉన్నాయో లేదో పక్కన కూర్చుని చూసే మనిషి ఆఫీసులో ఉండాలి. స్కాలర్‌షిప్‌లు తరచూ అక్కడే ఆగిపోతాయి. ఇక మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టు పోయినవాళ్లను ఫలితాలొచ్చిన వారంలోపే పిలిచి మాట్లాడాలి. ఆలస్యమైతే హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోతారు.