టెస్ట్ చేయించుకుందాం అంటే అనుమానించినట్టా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 26 ఏళ్ళు. వచ్చే ఏడాది మా పెళ్ళి, ఒకరినొకరం ఇష్టపడే చేసుకుంటున్నాం. మొన్న మాటల్లో, పెళ్ళికి ముందు ఇద్దరం హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకుందాం అన్నాను. అంతే, నన్ను అనుమానిస్తున్నావా అని రెండు వారాల్నించి ముభావంగా ఉంటున్నాడు. అక్కకి చెప్తే తనేమో, ఆ మాట నీ నోట్లోంచి ఎలా వచ్చిందే, ఇప్పుడు వాళ్ళు నీ గురించే వేరేగా అనుకుంటారు అని తిట్టింది. నిజంగా తప్పు చేశానా?

జవాబు: లేదమ్మా, తప్పేం చేయలేదు. పెళ్ళయి పదేళ్ళయినా చాలామంది నోరు తెరిచి అడగలేని మాట మీరు ముందే అడిగారు. బ్లడ్ గ్రూప్ చూపించుకుందాం అంటే ఎవరూ అలగరు, థైరాయిడ్ టెస్ట్ అన్నా అలగరు, హెచ్‌ఐవీ అనగానే మాత్రం అది రక్తపరీక్ష కాకుండా పోయి శీలపరీక్ష అయిపోతుంది. ఆయనకి కోపం వచ్చింది అందుకే, మీ అక్క భయపడింది కూడా అందుకే. ఇద్దరి బుర్రలో ఉన్న లెక్క ఒకటే, టెస్ట్ అడిగారంటే ఎవరో ఒకరు ఏదో చేసుండాలి అని.

ఈ లెక్క ఇప్పటిది కాదు. 1981లో అమెరికాలో మొదటి కేసులు బయటపడినప్పుడు ఇది ఎలా వస్తుందో ఎవరికీ తెలీదు, కానీ ఎవరికి వస్తోందో చూసి జనం అప్పుడే తీర్పు చెప్పేశారు. 1982లో కొన్నాళ్ళు ఈ జబ్బుని పిలిచిన పేరులోనే స్వలింగ సంపర్కుల జబ్బు అనే అర్థం ఉండేది, ఆ ఏడాదే ఎయిడ్స్ అని పేరు మార్చారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎయిడ్స్ తెచ్చిపెట్టే వైరస్‌ని, అంటే ఇప్పుడు మనం హెచ్‌ఐవీ అంటున్నదాన్ని, పట్టుకున్నారు, 1985కి రక్తపరీక్ష వచ్చేసింది, అంటే సైన్స్ నాలుగేళ్ళలో అంత దూరం వచ్చింది, జనం మనసులో మాత్రం ఆ మొదటి తీర్పు అలాగే ఉండిపోయింది. 1987లో లండన్‌లో ప్రిన్సెస్ డయానా గ్లవ్స్ లేకుండా ఒక ఎయిడ్స్ పేషెంట్‌తో చేయి కలిపితే అది ప్రపంచమంతా వార్త అయింది. చేయి కలపడమే వార్త అయిందంటే అప్పటి భయం ఎంతో ఆలోచించండి.

వైరస్‌కి మన నడవడిక తెలీదమ్మా. రక్తం, వీర్యం, యోని ద్రవాలు, మలద్వారంలో ఉండే ద్రవాలు, తల్లిపాలు, వీటి ద్వారానే అది ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తుంది. జీవితంలో ఒకే ఒక్క మనిషితో ఉన్నవాళ్ళకీ వచ్చింది, ఎందుకంటే ఆ ఒక్క మనిషికి తనకుందని తెలీదు. సోకిన తర్వాత ఏళ్ళ తరబడి ఏ లక్షణం లేకుండా ఉండొచ్చు, మొహం చూసి చెప్పడం ఏ డాక్టర్ వల్లా కాదు. కాబట్టి నేను మంచివాణ్ణి నాకెందుకు టెస్ట్ అనే మాటకి వైద్యంలో అర్థమే లేదు.

ఇక ఆయనతో ఎలా మాట్లాడాలి అంటే, నువ్వు చేయించుకో అని మొదలుపెట్టొద్దు. నేను చేయించుకుంటున్నా, నాకు తోడు రా, నీది కూడా ఇచ్చేద్దాం అనండి. ఒక్క హెచ్‌ఐవీ అని కాకుండా, సెక్స్ ద్వారా అంటుకునే సిఫిలిస్, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బీ కూడా కలిపి చేయించుకోండి, అవి కూడా లక్షణాల్లేకుండా లోపల ఉండేవే, సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమైపోతుంది, హెపటైటిస్ బీకి టీకా ఉంది. ఇంకో సంగతి, టెస్ట్‌కి విండో పీరియడ్ అని ఒకటి ఉంటుంది, సోకిన మర్నాడే టెస్ట్‌లో దొరకదు. వైరస్ భాగాన్నీ, దాని మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీల్నీ కలిపి చూసే, ల్యాబ్‌లో చేసే ఇప్పటి కాంబో టెస్ట్‌లో దాదాపు 45 రోజుల్లో తెలిసిపోతుంది, కొన్ని ర్యాపిడ్ టెస్టులకి 90 రోజులు పట్టొచ్చు. ఏ టెస్ట్ చేస్తున్నారో అడగండి.

ఆయన లోపల ఇంకో భయం కూడా ఉండొచ్చు, ఒకవేళ పాజిటివ్ వస్తే ఏంటి అని. చాలామందికి ఆ ఊహే టెస్ట్ దాకా వెళ్ళనివ్వదు. ఒకప్పుడు ఆ భయానికి కారణం ఉంది, 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చేదాకా పాజిటివ్ అంటే దాదాపు మరణశిక్షే. ఇప్పుడలా కాదు, తొందరగా మొదలుపెట్టి రోజూ మందు వేసుకునేవాళ్ళు మామూలు ఆయుష్షుకి దగ్గరగా బతుకుతున్నారు. ఇంకా పెద్ద విషయం, మందులతో రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గి అలాగే ఉంటే సెక్స్ ద్వారా భాగస్వామికి సోకదు. యూరప్‌లో పార్ట్‌నర్ అనే స్టడీ చేశారు, ఒకరికి ఉండి మందులు వాడుతూ ఇంకొకరికి లేని జంటల్ని ఏళ్ళ తరబడి చూశారు, 2016లో ఫలితాలు చెప్పేనాటికి ఆ జంటలు కండోమ్ లేకుండా కలిసింది దాదాపు 58,000 సార్లు, భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటి కూడా లేదు. సున్నా. ఈ సంగతి తెలీక ఎంతమంది రిపోర్ట్ చేతికి రాకముందే బతుకు అయిపోయిందనుకుంటున్నారో తల్చుకుంటే నాకు నిద్రపట్టదు. అక్కకి కూడా ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: సార్, నాకు పెళ్ళి కాలేదు. మొన్న రాత్రి కండోమ్ చిరిగిపోయింది. అవతలి వాళ్ళ సంగతి నాకు తెలీదు. ఆసుపత్రికి వెళ్తే ఎవరితో, ఎక్కడ, ఎందుకు అని అందరి ముందు అడుగుతారని వెళ్ళలేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీ మెయిల్ వచ్చిన గంటలోనే మీకు విడిగా రాశాం, ఇక్కడ వేస్తున్నది ఇలాంటి పరిస్థితి వచ్చే మిగతావాళ్ళ కోసం. పెప్ అనే మందులున్నాయి, హెచ్‌ఐవీ లోపల స్థిరపడకుండా అడ్డుకుంటాయి, కానీ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, తర్వాత 28 రోజులు మానకుండా వాడాలి. 72 గంటలుందిగా అని మూడోరోజు దాకా ఆగకూడదు, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. మర్నాడు పొద్దున్నే వెళ్దాం, సోమవారం వెళ్దాం అని సిగ్గుపడి గడిపిన ప్రతి గంటా పోయినట్టే. పెప్ అంటే చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళలో కూడా అడగటానికి మొహం చెల్లక ఆగిపోయేవాళ్ళే ఎక్కువ, నన్ను బాగా బాధపెట్టేది అదే, మందు ఉండి కూడా టైమ్ దాటిపోవడం.

అక్కడికెళ్ళి కథంతా చెప్పక్కర్లేదు. నిన్న ఫలానా టైమ్‌కి రిస్క్ జరిగింది, నాకు పెప్ కావాలి అనండి, చాలు. డాక్టర్ కొన్ని ప్రశ్నలు అడుగుతారు, అవి మందు అవసరమా కాదా తేల్చడానికి, విడిగా మాట్లాడాలి అని అడిగే హక్కు మీకుంది. మొదటిరోజు ఒక టెస్ట్, మళ్ళీ నెల నెలన్నరకి, మూడు నెలలకి ఇంకోసారి, అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.

కండోమ్ ఎందుకు చిరిగిందో కూడా చూస్కోండి. నూనె, వాజలిన్, బాడీ లోషన్ లాంటివి తగిలితే లేటెక్స్ బలహీనపడుతుంది, నీళ్ళతో చేసిన జెల్ లేదా సిలికాన్ జెల్ వాడాలి. నెలల తరబడి పర్సులో వేడికి నలిగింది, డేట్ దాటింది పనికిరాదు. రెండు వేసుకుంటే రెట్టింపు రక్షణ అనుకుంటారు గానీ ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి.

ఇలాంటి టెన్షన్ మళ్ళీ మళ్ళీ వచ్చే జీవితమైతే ప్రెప్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి, హెచ్‌ఐవీ లేనివాళ్ళు ముందుగానే వేసుకునే మందు అది. 2012లో అమెరికాలో మొదట అనుమతి వచ్చింది, అప్పుడు రోజూ మాత్ర, 2025లో ఆర్నెల్లకోసారి ఇచ్చే ఇంజెక్షన్‌కి కూడా వచ్చింది. అయితే ఇవి హెచ్‌ఐవీనే ఆపుతాయి, గనేరియా, సిఫిలిస్ లాంటి సెక్స్ ద్వారా వచ్చే మిగతా జబ్బుల్ని ఆపవు, కండోమ్ పని కండోమ్‌కి ఉంది. ప్రెప్ వేసుకునేవాళ్ళని తిరుగుబోతులనే నోళ్ళుంటాయి, జేబులో కండోమ్ ఉన్నవాణ్ణీ అదే అంటారు, జాగ్రత్త పడేవాణ్ణి తిట్టి ఏ జాగ్రత్తా లేనివాణ్ణి ఏమీ అనకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ప్రశ్న: మా పాపకి 13 ఏళ్ళు. టీవీలో యాడ్ చూసి కండోమ్ అంటే ఏంటమ్మా అంది. నేను ఛానల్ మార్చేశా. ఇప్పట్నించే చెప్తే దారి తప్పుతుందని మావారు అంటున్నారు. నాకేమో చెప్పాలనే ఉంది, ఎలా చెప్పాలో తెలీట్లేదు.

జవాబు: చెప్పండమ్మా. చెప్తే పాడవుతారనే మాట తరతరాలుగా వస్తోంది గానీ, 2018లో యునెస్కో లైంగిక విద్య మీద పుస్తకం తెచ్చినప్పుడు ఎన్నో దేశాల స్టడీలు కలిపి చూస్తే, సరైన లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడట్లేదనే తేలింది. మీరు ఛానల్ మార్చినప్పుడు పాపకి అర్థమైంది కండోమ్ గురించి కాదు, ఇది అమ్మని అడక్కూడని సంగతి అని. రేపు ఎవరైనా తనని తాకరాని చోట తాకినా అదే గుర్తొచ్చి మీ దగ్గరికి రాకపోతే ఏం చేస్తాం?

వెనక్కెళ్ళి, ఆరోజు నాకు ఏం చెప్పాలో తోచక మార్చేశాను అని నిజమే చెప్పండి. పెద్దవాళ్ళు గర్భం రాకుండా, కొన్ని జబ్బులు అంటకుండా వాడేది అని ఒక్క వాక్యం చాలు, మిగతాది తను అడిగినప్పుడు. అలాగే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్‌ని అడగండి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీవారితో ఆ టీకా దగ్గర్నించి మాట మొదలుపెట్టినా తేలికే.

ప్రశ్న: నాతో రూమ్‌లో ఉండే ఫ్రెండ్ తనకి హెచ్‌ఐవీ ఉందని చెప్పాడు. బాత్రూమ్, ప్లేట్లు ఒకటే. దోమలు కూడా ఉన్నాయి. నేను మారిపోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఎంగిలి, చెమట, కన్నీళ్ళు, టాయిలెట్ సీటు, దగ్గు, దోమకాటు, వీటి వల్ల రాదు. దోమ కుట్టేటప్పుడు ముందు కుట్టినవాళ్ళ రక్తాన్ని మనలోకి ఎక్కించదు, పైగా ఈ వైరస్ దోమలో బతికి పెరగదు. షేవింగ్ బ్లేడ్లు మాత్రం ఎవరివి వాళ్ళకే, అది ఏ ఇంట్లోనైనా అంతే. అతను ఎంత ధైర్యం చేసుకుని మీకు చెప్పాడో, దాన్ని మీ దగ్గరే ఉంచండి, ఇంకో ఫ్రెండ్‌కి కూడా చెప్పొద్దు. ఇవాళ రాత్రి మందు వేసుకున్నావా అని అడగండి.