దోమ రెండోసారి ఎవర్ని కుడుతుంది? పక్షి మలేరియా కథ

ప్రశ్న: దోమలు పక్షుల్ని కూడా కుడతాయా? ఒళ్ళంతా ఈకలే కదా, ఎక్కడ కుడతాయి? పక్షులకీ మలేరియా వస్తుందని చదివాను. మా ఇంట్లో కెనరీ పిట్టలున్నాయి, వాటికొస్తే మాకూ అంటుకుంటుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: చివరిదానికి ముందు చెప్పేస్తాను, భయపడకండి, మీకు అంటుకోదు. పక్షి మలేరియాని తెచ్చేదీ ప్లాస్మోడియం అనే పరాన్నజీవే గానీ మనుషులకొచ్చే వైవాక్స్, ఫాల్సిపారం వేరు, పక్షుల్లో బాగా కనిపించే రెలిక్టమ్ వేరు. మోసే దోమ కూడా వేరే, మనకి అనాఫిలిస్, వాటికి ఎక్కువగా క్యూలెక్స్, అంటే బోదకాలు తెచ్చే దోమల జాతే.

ఇక కుట్టే సంగతి. కుట్టేది ఆడదోమే, గుడ్లు తయారవ్వాలంటే దానికి రక్తం కావాలి, రోజూ తిండికైతే ఆడైనా మగైనా పూలతేనెతో సరిపెట్టుకుంటాయి. క్యూలెక్స్ తిరిగేది రాత్రిళ్ళు, పిట్టలు కొమ్మ మీద కదలకుండా నిద్రపోయేదీ అప్పుడే, వాటి ఊపిరినీ ఒంటి వేడినీ వాసననీ పట్టుకుని వచ్చి ఈకలు లేని చోటు వెతుక్కుంటుంది, కంటి చుట్టూ చర్మం, ముక్కు మొదలు, కాళ్ళు. మెలకువగా ఉన్న పిట్టయితే కాలు విదిలిస్తుంది, ముక్కుతో పొడుస్తుంది, ఒక్కోసారి దోమనే మింగేస్తుంది. గూట్లో ఇంకా ఈకలు రాని పిల్లలకి పాపం ఆ దారి కూడా లేదు.

కానీ ఒక్క కాటుతో జబ్బు పాకదండి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దోమ ముందు జబ్బున్న పక్షిని కుట్టాలి, ఆ రక్తంతో లోపలికెళ్ళిన పరాన్నజీవి దోమ కడుపు గోడలో పెరిగి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి, దానికి చాలా రోజులు పడుతుంది, చలిగా ఉంటే ఇంకా ఎక్కువ, అన్నాళ్ళూ దోమ బతికుండి మళ్ళీ పక్షినే కుట్టాలి. ఈసారి ఏ ఆవునో మనిషినో కుట్టిందంటే పరాన్నజీవికి ఆ కాటు దండగ. అందుకే పరిశోధకులు దోమల్ని పట్టి కడుపులో రక్తం డీఎన్ఏ చూసి అది ఏ జీవిదో తేలుస్తారు.

ఈ దారి మొత్తం మొదట తేలింది కూడా పక్షుల్లోనే. రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనందరం చదువుకున్నాం, అది లాలాజలం దాకా వచ్చి కాటుతో ఆరోగ్యంగా ఉన్న పక్షికి ఎక్కుతుందని నిరూపించింది మాత్రం 1898లో కలకత్తాలో, పిచ్చుకల లాంటి చిన్న పిట్టల మీద. ఆ పిట్టల ఊసే ఎవరూ ఎత్తరు, నాకది అన్యాయమనిపిస్తుంది.

చాలా పక్షులు తరతరాలుగా ఈ జబ్బుతో బతకడం నేర్చుకున్నాయి. హవాయి దీవుల్లో అలా కాదు, అక్కడ అసలు దోమలే ఉండేవి కాదు, 1826 ప్రాంతంలో ఓడల నీళ్ళ పీపాల్లో వచ్చాయంటారు, తర్వాత బయటి పక్షులతో మలేరియా కూడా వచ్చేసరికి అక్కడి తేనెపిట్టలకి తట్టుకునే శక్తి లేకపోయింది. వంపు ముక్కుతో ఎర్రగా ఉండే ఇఇవి అనే పిట్టకైతే జబ్బు దోమ ఒక్కసారి కుట్టినా దాదాపు చావే. అవి చల్లటి కొండల పైకి చేరి బతుకుతున్నాయి, ఎందుకంటే సుమారు 13 డిగ్రీల కంటే చలిగా ఉంటే పరాన్నజీవి దోమలో ఎదగలేదు, ఇప్పుడు వాతావరణం వేడెక్కి దోమలు ఆ కొండలూ ఎక్కేస్తున్నాయి. వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న మగదోమల్ని 2023 నుంచి అక్కడి అడవుల్లో వదులుతున్నారు, మగవి కుట్టవు, వాటితో జతకట్టిన ఆడదోమల గుడ్లు పిల్లలవ్వవు. నాకు బాగా ఆశ ఉన్న ప్రయత్నమిది, కొన్ని జాతులకి మాత్రం ఇప్పటికే ఆలస్యమైపోయింది.

మీ కెనరీల విషయానికొస్తే, ఈ జబ్బుకి అవి తేలిగ్గా లొంగుతాయి. పొద్దు వాలకముందే పంజరానికి సన్నటి దోమతెర కట్టండి, నీళ్ళ గిన్నె రోజూ మార్చండి, చుట్టుపక్కల నీళ్ళు నిలవనివ్వకండి. పిట్ట ఈకలు ఉబ్బించుకుని తిండి మానేసి మూలన కూర్చుంటే మాత్రం ఆగకుండా వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి, రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది.