చెక్కు మీద సంతకం ఎవరిది?

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థలో 18 మంది పనిచేస్తున్నాం. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివిన ట్రాన్స్ మహిళ ఒకరు ఏడేళ్లుగా ఫీల్డ్ కోఆర్డినేటర్. ఆమెను ప్రోగ్రాం మేనేజర్‌ని చేద్దామంటే "స్టాఫ్ మాట వింటారా?" అని కమిటీలో ఇద్దరు నసుగుతున్నారు. ఏం చేయాలి?
— ఒక కార్యదర్శి, గాజువాక

జవాబు: ఆ నసుగుడుకు చట్టంలో చోటు లేదు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం నియామకంలోనూ పదోన్నతిలోనూ వివక్ష చూపకూడదు. ఇక స్టాఫ్ వినడం మాట. పీర్ ఎడ్యుకేటర్ (తోటివారికి అవగాహన కల్పించేవారు), ఔట్‌రీచ్ వర్కర్ (జనం దగ్గరికెళ్లి పనిచేసేవారు) దాకా ట్రాన్స్ కమ్యూనిటీ వాళ్లు, బడ్జెట్ దగ్గరకొచ్చేసరికి వేరేవాళ్లు అన్న పద్ధతే అసలు జబ్బు. అందుకే ఆర్డరులోనే రాయండి: ఎంతవరకు ఖర్చు ఆమె సొంతంగా ఆమోదించవచ్చో, ఎవరి సెలవులు ఆమె మంజూరు చేస్తారో. ఎవరైనా ఆమెను దాటి మీ గదికొస్తే "మేడమ్‌ని అడిగి రండి" అని పంపేయండి. ఒక్కసారి మీరు సరే అన్నారా, ఆ పదవి అక్కడితో సరి.

పని ఆగేది ఎక్కువగా బ్యాంకులో. చెక్కుల మీద సంతకందారుగా ఆమెను పెట్టడానికి కమిటీ తీర్మానం, ఆమె కేవైసీ (గుర్తింపు పత్రాలు) కావాలి. ఆధార్‌లో కొత్త పేరు, పాన్‌లో పాత పేరు ఉంటే ఫైలు తిరిగొస్తుంది. ముందు ఆధార్, తర్వాత పాన్, ఆపైన బ్యాంకు, పీఎఫ్ సరిచేయించండి. హాజరుపట్టీ, ఈమెయిల్ ఐడీ కూడా చూడండి. పాత పేరున్న జీతాల షీటు ప్రింటరు మీద మర్చిపోతే చాలు, టీ టైముకల్లా ఆఫీసంతా తిరుగుతుంది.

అదే చట్టం 11వ సెక్షన్ కింద సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. 2020 నియమాల ప్రకారం ఆ అధికారి 15 రోజుల్లో విచారించాలి, నివేదిక అందాక మరో 15 రోజుల్లో సంస్థ అధిపతి చర్య తీసుకోవాలి. నివేదిక అందుకునేది మీరే కాబట్టి ఆ బాధ్యత మీరు పెట్టుకోవద్దు. ఆమెకు అప్పగించడం మరీ తప్పు, తన ఫిర్యాదు తనకే ఇచ్చుకోవాల్సి వస్తుంది! లైంగిక వేధింపుల అంతర్గత కమిటీ వేరు. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నచోట అదీ తప్పనిసరి.

ప్రశ్న: నేను గే. ఒక సంస్థలో డైరెక్టర్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉంది. ముందే చెప్పాలా?
— సీతమ్మధార పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. 2018 సెప్టెంబరు 6 సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది గానీ, 2019 చట్టం రక్షణ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకే. కాబట్టి సంస్థ హెచ్ఆర్ విధానంలో లైంగికత ప్రస్తావన ఉందో లేదో చూసుకున్నాకే నిర్ణయించుకోండి. ఆ కాపీని ఆరోగ్య బీమా వివరాలతో కలిపి అడగండి, ఎవరూ ఆరా తీయరు.