రొయ్యల కోల్డ్ రూముకు ఏ గ్యాసు? మూడు కొటేషన్ల లెక్క

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. గుంటల దగ్గర రొయ్యలు కొని, కంపెనీ బండి వచ్చేదాకా నిలవ ఉంచడానికి నా పేరు మీద రెండు చిన్న కోల్డ్ రూములు నడుపుతున్నాను. పన్నెండేళ్ల నాటి ఆర్-22 (చల్లబరిచే పాత రకం గ్యాసు) యంత్రాలు కావడంతో ఏడాదికి రెండుసార్లు గ్యాసు ఎక్కించాల్సి వస్తోంది. పోయినేడు దానికే 42 వేలు అయింది. కరెంటు బిల్లు నెలకు సగటున 38 వేలు. పాతవి బాగు చేయడానికి 1.9 లక్షలు, రెండింటికీ కొత్త ఆర్-404ఏ యంత్రాలకు 9.2 లక్షలు, ప్రొపేన్ యంత్రాలకు 12 లక్షలు అడుగుతున్నారు. 404ఏ కంటే ప్రొపేనుకు కరెంటు 15 శాతం తక్కువ కాలుతుందట. బ్యాంకులో 14 లక్షల డిపాజిట్ ఉంది. అమ్మాయి ఇంజనీరింగుకు ఇంకా 4.5 లక్షలు కట్టాలి. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, మధ్య ధర అనిపించే ఆర్-404ఏను ముందుగా పక్కన పెట్టండి. అది ఆర్-22లా ఓజోను పొరను దెబ్బతీయదన్న మాట నిజమే గానీ, ఒక కిలో గాలిలో కలిస్తే 3.9 టన్నుల బొగ్గుపులుసు వాయువు కలిసినంత వేడి పెంచుతుంది. మన దగ్గర 5 వేలకు పైగా యూనిట్ల కరెంటు తయారీలో వెలువడేది దాదాపు అంతే. ఇటువంటి వాయువులను తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో కుదిరిన ఒప్పందాన్ని భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మన దేశంలో వీటి వాడకం 2028 నుంచి ఒప్పందంలో నిర్ణయించిన పరిమితిని దాటకూడదు. ఆ పరిమితిలోంచి 2032 నాటికి 10 శాతం, 2037 నాటికి 20 శాతం, 2042 నాటికి 30 శాతం, 2047 నాటికి 85 శాతం తగ్గాలి. ఈ కోతను కిలోల్లో కాక, అవి కలిగించే వేడికి సరిపడే బొగ్గుపులుసు వాయువు టన్నుల్లో లెక్కిస్తారు కనుక, ఎక్కువ వేడి పెంచే 404ఏ వంటివే ముందుగా కరువయ్యే అవకాశం ఉంది. ఈరోజు కొన్న యంత్రం పదిహేనేళ్లు నడుస్తుందనుకుంటే, ఆర్-22తో మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బందినే డబ్బిచ్చి మళ్లీ కొనుక్కున్నట్టవుతుంది.

ఆర్-22 సంగతి మీకు అనుభవమే. ఓజోను పొరను దెబ్బతీసేది కనుక 2030 నాటికి దానిని దాదాపు పూర్తిగా ఆపాలి. ఆ తర్వాత 2040 వరకు పాత యంత్రాల మరమ్మతుకు కొద్దిపాటి సరుకు మాత్రమే అనుమతిస్తారు. మీరు చెల్లించిన 42 వేలు నెలకు 3,500 రూపాయల వాయిదాతో సమానం, కానీ ఆ వాయిదా తీరేది కాదు. కారే చోటు వెతికి మూయకుండా గ్యాసు మాత్రమే ఎక్కించి వెళ్లే మెకానిక్ మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

ఇక ప్రొపేన్. 404ఏతో పోలిస్తే 2.8 లక్షలు ఎక్కువ. 404ఏతోనూ మీ ఇప్పటి కరెంటు బిల్లే వస్తుందనుకుని, అమ్మేవారి మాట పూర్తిగా నమ్మితే ఏడాదికి 68,400 మిగిలి సుమారు నాలుగేళ్లలో ఆ తేడా తీరుతుంది. నేను ఇటువంటి మాటలను సగానికి కోసి లెక్క వేస్తాను: అప్పుడు మిగులు 34,200, తేడా తీరడానికి ఎనిమిదేళ్లకు పైనే. పదిహేనేళ్ల మీద ఇది ఏటా ఎనిమిదిన్నర, తొమ్మిది శాతం మధ్య రాబడి. సొంత డబ్బుతో కొంటే డిపాజిట్ కంటే మేలు, పదకొండు శాతం వడ్డీకి తెచ్చి కొంటే నష్టం. అందువల్ల యంత్రం మంచిదే అయినా, రెండు గదులకూ ఒకేసారి అప్పు చేసి పెట్టమని నేను చెప్పను.

నా సలహా, ముందు ఒక గదికే ప్రొపేన్ యంత్రం పెట్టించండి. ఆ గదిలోని పాత యంత్రాన్ని విప్పేటప్పుడు అందులోని ఆర్-22ను గాలిలోకి వదలనివ్వకుండా రికవరీ యంత్రంతో సిలిండరులోకి తీయించి, శుద్ధి చేయించి దాచండి. రెండో గదికి లీకు మరమ్మతు మాత్రం చేయిస్తే, మున్ముందు దానికి కావలసిన గ్యాసు మీ దగ్గరే ఉంటుంది. బజారులో ధర పెరిగేకొద్దీ ఆ సిలిండరు విలువ మీకే తెలుస్తుంది.

ప్రొపేన్ మండే వాయువు, వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. అయితే ఇంటి సిలిండరులో 14.2 కిలోలు ఉంటే, ఈ చిన్న యంత్రాల్లో ఒక్కోదానిలో ఉండేది కొన్ని వందల గ్రాములు. ఫ్యాక్టరీలో దానికోసమే తయారైన యంత్రమే కొనండి; పాత ఆర్-22 యంత్రంలోనే ప్రొపేన్ నింపి ఇస్తానన్నవారిని గడప దగ్గరి నుంచే పంపించండి. అమ్మోనియాతో భూతాపం పెరగదు, అది పెద్ద ఐసు ఫ్యాక్టరీలకు చాలా అనువైనది కూడా. కానీ విషవాయువు కనుక ఇళ్ల మధ్య చిన్న గదికి పనికిరాదు. బొగ్గుపులుసు వాయువుతో నడిచే యంత్రాలూ ఉన్నాయి. బయటి వేడి 31 డిగ్రీలు దాటాక వాటి పనితనం తగ్గుతుంది కాబట్టి, నెల్లూరు రోహిణి కార్తెను తలచుకుంటే ఆ ఊసు ఎత్తనవసరం లేదు.

డబ్బు విషయానికి వస్తే, 14 లక్షల్లో అమ్మాయి చదువుకు 4.5 లక్షలు కదపకండి. గుంటల రైతుకు వెంటనే ఇచ్చి కంపెనీ నుంచి ఆలస్యంగా తీసుకునే వ్యాపారం మీది కనుక మరో 4 లక్షలు చేతిలో ఉండాలి. అది లేకపోతే పట్టుబడి రోజున నూటికి మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తాల్సి వస్తుంది. మిగిలేది 5.5 లక్షలు. ఒక గదికి 6 లక్షలు కావాలి, ఆ తేడాను, రెండో గది లీకు మరమ్మతు ఖర్చును సీజను రాబడిలో సర్దుకోవచ్చు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, ఇతరులకు 40 శాతం వరకు సబ్సిడీ నిబంధన పెట్టారు. మీ గదులు దాని కిందికి వస్తాయా, దరఖాస్తులు తీసుకుంటున్నారా అని అడ్వాన్సు ఇవ్వకముందే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. ముందే కొన్నదానికి సాధారణంగా సబ్సిడీ ఇవ్వరు. మీరు లెక్కల పుస్తకాలు రాసి పన్ను కడుతున్నట్లయితే సెప్టెంబరులోగా యంత్రాన్ని వాడుకలోకి తెండి. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే 15 శాతం తరుగుదలలో సగమే లభిస్తుంది. అమ్మకాల మీద అంచనా లాభం చూపించే పద్ధతిలో ఉంటే ఈ తొందర అక్కరలేదు.

యంత్రం బిగించే రోజునే రెండు గదులకూ వేర్వేరు సబ్ మీటర్లు పెట్టించి, నెలనెలా యూనిట్లు రాసుకోండి. ఎండాకాలంలో, చలికాలంలో వచ్చిన తేడాలను నాకు పంపిస్తే, రెండో గది సంగతి అమ్మేవారి 15 శాతంతో కాక మీ మీటరు అంకెలతో తేల్చుకుందాం.