గీతలు కలిశాయి, ఇంజిన్ మాత్రం లేవడం లేదు

ప్రశ్న: మా పాత ఆరు సిలిండర్ల లారీకి డీజిల్ పంపు మార్చాను. క్యాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచూడడం) చేయించిన ఇన్‌లైన్ పంపే, అంటే సిలిండర్‌కొక అవుట్‌లెట్ చొప్పున వరసగా ఉండే రకం. ఫ్లైవీల్ మీద టైమింగ్ గీత, పంపును ఇంజిన్‌తో కలిపే కప్లింగ్ మీద గీత రెండూ కలిపే బిగించాను. డీజిల్ లైన్లో ఎయిర్ కూడా తీశాను. ఎంత సెల్ఫ్ కొట్టినా సైలెన్సర్‌లోంచి తెల్లపొగ వస్తోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. పంపు పాడైనట్టేనా?

జవాబు: తొందరపడి పంపు దించకండి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్లోకి వెళ్తోంది, మండకుండా ఆవిరై వచ్చేస్తోంది. పంపు పని చేస్తోంది, కానీ వేళ తప్పి చేస్తోందని నా అనుమానం.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో క్రాంకు (ఫ్లైవీల్ బిగించి ఉండే షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే పంపు ఒక్క చుట్టే తిరుగుతుంది. అంటే ఫ్లైవీల్ గీత రెండుసార్లు ఎదురొస్తుంది. ఒకసారి గాలి బిగుసుకుని వేడెక్కినప్పుడు, ఇంకోసారి పొగ బయటికి పోయేటప్పుడు. మీరు రెండోదానికి బిగించి ఉంటారు. నేనూ పని నేర్చుకునే రోజుల్లో ఇదే తప్పు చేశాను. నాజిళ్లన్నీ విప్పి, బ్యాటరీ దించేసి, సాయంత్రానికి గానీ ఇంజిన్ పైన వాల్వుల మీదుండే టాపెట్ కవర్ తీసి చూడాలని తోచలేదు.

మీరు ఆ కవర్ ముందే తీయండి. గీత కలిసినప్పుడు ఒకటో సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) రెండూ వేలితో కదిపితే టకటకా ఆడాలి. ఆరో సిలిండర్లో ఒక వాల్వు మూసుకుంటూ, ఇంకోటి తెరుచుకుంటూ ఉండాలి. మీకు తారుమారుగా కనిపిస్తే కప్లింగ్ బోల్టులు విప్పి, పంపు షాఫ్టు కదలకుండా పట్టుకుని, క్రాంకును సరిగ్గా ఒక చుట్టు తిప్పి బిగించండి.

ఇంజెక్షన్ (డీజిల్ చిమ్మడం) టైమింగ్ గీత, పిస్టన్ పూర్తిగా పైకొచ్చే గీత ఒకటి కావు. మీ ఇంజిన్ పుస్తకంలో ఎన్ని డిగ్రీల ముందు అని ఉందో అక్కడే నిలపాలి. నాకు గీతల కన్నా చుక్క మీదే నమ్మకం. పంపు ఒకటో అవుట్‌లెట్‌లో డెలివరీ వాల్వు, స్ప్రింగు తీసి, హోల్డర్ మళ్లీ బిగించి, కొక్కెంలా వంచిన చిన్న పైపు పెట్టండి. ఇంజిన్ ఆపే స్టాప్ లివర్ రన్‌లో ఉంచి, హ్యాండ్ పంపు కొడుతూ ఇంజిన్ తిరిగే దిక్కుకే మెల్లగా తిప్పండి. ధార సన్నబడి, చుక్కలై, ఆగిన చోటే ఇంజెక్షన్ మొదలు. దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి జరపకండి, గేర్ల పళ్ల మధ్య ఉండే ఆట (వదులు) మోసం చేస్తుంది. పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి.

స్టార్ట్ చేసే ముందు ర్యాక్ (పంపులో డీజిల్ పెంచి తగ్గించే కడ్డీ) స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూడండి. ఎక్కువ రోజులు పడి ఉన్న పంపులో అది ఫుల్ మీద ఇరుక్కుంటే ఇంజిన్ చేతికి చిక్కదు. పంపుకు విడిగా ఆయిల్ పోసే రకమైతే అదీ మరవకండి.

ఇన్నిసార్లు సెల్ఫ్ కొట్టారు కదా, ఇంజిన్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. లెవల్ పెరిగి డీజిల్ కంపు కొడుతుంటే ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయండి.